2024లో డెమొక్రాట్లను ఓడించింది ఏమిటి?

మీరు రెండు ప్రశ్నలు అడిగారు. న్యూయార్క్ కోర్టులో 34 అభియోగాల్లో దోషిగా తేలి, రెండుసార్లు అభిశంసనకు గురైన ట్రంప్ చేతిలో డెమొక్రటిక్ పార్టీ 2024లో ఎలా ఓడిపోయిందన్నది మొదటిది. డెమొక్రటిక్ అభ్యర్థి కమలా హారిస్ స్త్రీ కావడం, అందులోనూ నల్లజాతి, భారతీయ మూలాలున్న స్త్రీ కావడమే అసలు కారణమా అన్నది రెండోది.

ముందు నేనెక్కడ నిలబడి మాట్లాడుతున్నానో చెప్పాలి. పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఫిలడెల్ఫియాకు ఉత్తరాన, మన జిల్లా లాంటి బక్స్ కౌంటీలో ఇరవై రెండేళ్లుగా ఉంటున్నాను. 2008లో ఒబామా కోసం మొదటిసారి ఇంటింటి ప్రచారానికి వెళ్లాను. అప్పటి నుంచి ప్రతి అధ్యక్ష ఎన్నికలోనూ డెమొక్రాట్ల తరఫున తలుపులు తడుతూనే ఉన్నాను. అందువల్ల నాది తటస్థుడి మాట కాదు. ఓడిపోయింది నేను నమ్మిన పార్టీ. 1988 తర్వాత ఏ రిపబ్లికన్ అధ్యక్ష అభ్యర్థినీ గెలిపించని మా కౌంటీ ఈసారి ట్రంప్‌ను గెలిపించింది. సుమారు నాలుగు లక్షల ఓట్లు పోలైతే తేడా మూడు వందలు కూడా లేదు. మరో రెండు వీధులు తిరిగి ఉంటే ఏమయ్యేదో అన్న ఆలోచన నన్ను ఇప్పటికీ వదల్లేదు.

నా అభిప్రాయం ఇది. జనం రోజూ కళ్లారా చూస్తున్న మూడు విషయాలను పార్టీ రెండేళ్లకు పైగా కాదంటూ వచ్చింది. సరుకుల ధరలు, మెక్సికోతో ఉన్న దక్షిణ సరిహద్దులో వలసలు, అధ్యక్షుడు బైడెన్ వయసు. చివరికి మూడింటినీ ఒప్పుకోక తప్పలేదు. అప్పటికే పార్టీ మాట మీద నమ్మకం పోయింది.

దానికి ముందు ఓటమి ఎంతటిదో సరిగ్గా కొలుచుకోవాలి, ఎందుకంటే దాన్ని ప్రభంజనం అని చాలామంది రాశారు. రాష్ట్రాల వారీగా పడి అధ్యక్షుణ్ని తేల్చే ఎలక్టోరల్ ఓట్లు ట్రంప్‌కు 312, హారిస్‌కు 226. జనం ఓట్లలో ట్రంప్‌కు 7 కోట్ల 73 లక్షలు, హారిస్‌కు 7 కోట్ల 50 లక్షలు. తేడా ఒకటిన్నర శాతం. పెన్సిల్వేనియాలో లక్షా 20 వేలు, మిషిగన్‌లో 80 వేలు, విస్కాన్సిన్‌లో 29 వేల ఓట్ల తేడాతో ఓడిపోయాం. ఈ మూడు రాష్ట్రాలకు కలిపి 44 ఎలక్టోరల్ ఓట్లు. 226కు 44 కలిపితే సరిగ్గా 270, అంటే గెలుపు. పదిహేనున్నర కోట్లకు పైగా ఓట్లు పోలైన ఎన్నికలో అధ్యక్ష పదవి రెండు లక్షల 30 వేల ఓట్ల దగ్గర ఆగింది. అలాగని ఇది అదృష్టం తప్పిన ఓటమి అనుకోవడం కూడా పొరపాటే. 2020లో బైడెన్‌కు దేశమంతటా నాలుగున్నర శాతం ఆధిక్యం ఉంది. నాలుగేళ్లలో దేశం ఆరు శాతం అటు జరిగింది. పదింట తొమ్మిది కౌంటీలు ఏదో ఒక మేరకు ట్రంప్ వైపు కదిలాయి. ఇంత విస్తారమైన కదలికకు ఒక ప్రసంగమో, ఒక ప్రకటనో, ఒక ఉపాధ్యక్ష అభ్యర్థి ఎంపికో కారణం కాలేదు.

కారణం ధరలు. 2022 జూన్‌లో ద్రవ్యోల్బణం 9.1 శాతానికి చేరింది. నలభై ఏళ్లలో అంత ఎప్పుడూ లేదు. 2021లో అది మొదలైనప్పుడు ప్రభుత్వమూ, కేంద్ర బ్యాంకైన ఫెడరల్ రిజర్వూ ఇది తాత్కాలికమే అన్నాయి. 2024 సెప్టెంబరు నాటికి 2.4 శాతానికి దిగింది, నిజమే. ఆర్థికవేత్తలకు అది విజయం. కానీ ద్రవ్యోల్బణం తగ్గడమంటే ధరలు దిగిరావడం కాదు, పెరిగే వేగం తగ్గడం. బైడెన్ పాలనలో మొత్తం ధరలు సుమారు 20 శాతం పెరిగాయి. ఇంటి సరుకులైతే కరోనాకు ముందుతో పోలిస్తే నాలుగో వంతుకు పైగా పెరిగాయి. అవి మళ్లీ దిగలేదు. నూట పాతిక డాలర్ల బిల్లు కడుతున్న మనిషికి వంద డాలర్ల రోజులు గుర్తుంటాయి. ఇప్పుడు ఏడాదికి రెండు శాతమే పెరుగుతోందని చెబితే ఆ మనిషికి కోపం రాదా?

ఇందులో వడ్డీ సంగతి చాలామంది పట్టించుకోలేదు. 2021 జనవరిలో ముప్పై ఏళ్ల ఇంటి రుణం మీద వడ్డీ మూడు శాతం కన్నా తక్కువ. 2023 అక్టోబరు నాటికి అది ఎనిమిది శాతం దగ్గరికి వెళ్లింది. మూడు లక్షల డాలర్ల అప్పు తీసుకుంటే మూడు శాతం వడ్డీకి నెల వాయిదా సుమారు 1,265 డాలర్లు. ఏడు శాతానికి దాదాపు 2,000. అదే ఇల్లు, అదే అప్పు, నెలకు ఏడు వందలు ఎక్కువ. అమెరికా ప్రభుత్వం ద్రవ్యోల్బణాన్ని లెక్కించే పద్ధతిలో ఈ అప్పుల వడ్డీ చేరదు. అంటే కారు వాయిదా, ఇంటి వాయిదా, క్రెడిట్ కార్డు వడ్డీ పెరిగి ఊపిరాడని కుటుంబానికి ప్రభుత్వ లెక్కలో అంతా సర్దుకున్నట్టే కనబడుతుంది. లెక్క తప్పు కాదు. ఆ కుటుంబం పడుతున్న బాధ ఆ లెక్కలోకి రాలేదు, అంతే.

ఇంకో సంగతి నాకు మరీ బాధ కలిగించింది. 2021 జులై నుంచి డిసెంబరు దాకా పిల్లలున్న కుటుంబాలకు ప్రభుత్వం నెలనెలా డబ్బు పంపింది. ఆరేళ్లలోపు బిడ్డకు 300 డాలర్లు, ఆపై వయసు పిల్లలకు 250. ఆ ఏడాది పిల్లల పేదరికం 5.2 శాతానికి పడిపోయింది. అంత తక్కువ ఎన్నడూ లేదు. పథకాన్ని పొడిగించడానికి సెనేట్‌లో ఓట్లు చాలలేదు. వెస్ట్ వర్జీనియా డెమొక్రాట్ జో మాంచిన్ ఒప్పుకోలేదు. మరుసటి ఏడాది పిల్లల పేదరికం 12.4 శాతానికి ఎగబాకింది. నేను ప్రచారానికి వెళ్లే వీధుల్లో ఆ డబ్బుతో పిల్లల సంరక్షణ ఖర్చు వెళ్లదీసుకున్న తల్లులున్నారు. డబ్బు ఆగిన నెలల్లోనే ధరలు కొండెక్కాయి. ఇచ్చింది మీరే, ఆపిందీ మీ హయాంలోనే అని వాళ్లంటే నా దగ్గర జవాబు లేదు.

ఇలాంటి సమయంలో, 2023 జూన్‌లో, బైడెన్ షికాగోలో ప్రసంగించి తన ఆర్థిక విధానానికి తన పేరే పెట్టుకుని, బైడెనామిక్స్ పని చేస్తోందని ప్రచారం మొదలుపెట్టారు. ఆయన చేసిన పనులు చిన్నవి కావు. రోడ్లు, వంతెనల చట్టం, చిప్‌ల ఫ్యాక్టరీల చట్టం, ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్‌లో ఉన్న వృద్ధులకు ఇన్సులిన్ నెలకు 35 డాలర్లకు మించకుండా చేయడం, ఇవన్నీ నేను గర్వంగా చెప్పుకున్నవే. నిరుద్యోగం నాలుగు శాతం దగ్గరే ఉంది. తక్కువ జీతాల వాళ్ల కూలి కూడా పెరిగింది. అయితే మనిషి మనసు ఎలా ఉంటుందంటే, జీతం పెరిగితే అది తన కష్టం, ధర పెరిగితే అది సర్కారు తప్పు. ఫ్యాక్టరీలు లేవడానికి ఏళ్లు పడుతుంది, గుడ్ల డబ్బా మాత్రం వారం వారం కొనాలి. ఎన్నికల రోజు జరిపిన సర్వేలో నాలుగేళ్ల కిందటి కన్నా తమ పరిస్థితి దిగజారిందన్నవాళ్లు దాదాపు సగం మంది. వాళ్లలో ఐదింట నాలుగు వంతులు ట్రంప్‌కే ఓటు వేశారు.

ధరల దెబ్బ అమెరికాకే పరిమితం కాదు. అదే ఏడాది బ్రిటన్‌లో కన్సర్వేటివ్‌లు పద్నాలుగేళ్ల అధికారం పోగొట్టుకున్నారు. జపాన్‌లో పాలక కూటమికి మెజారిటీ పోయింది. భారత్‌లో బీజేపీ 303 స్థానాల నుంచి 240కి తగ్గింది. దీన్ని చూపించి, ఎవరున్నా ఓడేవారే అని మా పార్టీలో కొందరు సరిపెట్టుకున్నారు. నేను ఒప్పుకోను. ఒకటిన్నర శాతం తేడా ఉన్న చోట గాలిని నిందించి ఊరుకోకూడదు.

సరిహద్దు సంగతి క్లుప్తంగా చెబుతాను. 2023 డిసెంబరులో ఒక్క నెలలోనే దక్షిణ సరిహద్దును అనుమతి లేకుండా దాటిన దాదాపు రెండున్నర లక్షల మందిని అధికారులు పట్టుకున్నారు. అది రికార్డు. అప్పటికి ఏడాదిన్నరగా టెక్సస్ రిపబ్లికన్ గవర్నర్ గ్రెగ్ అబాట్ వలసదారులను బస్సుల్లో వాషింగ్టన్, న్యూయార్క్, షికాగోలకు పంపుతున్నాడు. మనుషులను ఎత్తుగడకు పావులుగా వాడుకున్న ఆ పని నాకు నచ్చలేదు. అయినా దాంతో సరిహద్దు సమస్య డెమొక్రాట్లు ఏలే నగరాల గుమ్మంలోకి వచ్చింది. అప్పటి న్యూయార్క్ మేయర్ ఎరిక్ ఆడమ్స్, ఆయనా డెమొక్రాటే, ఇది నగరాన్ని నాశనం చేస్తుందని 2023 సెప్టెంబరులో బహిరంగంగా అన్నాడు. వైట్‌హౌస్ మాత్రం సరిహద్దు అదుపులోనే ఉందంటూ కాలం గడిపింది. 2024 ఫిబ్రవరిలో రెండు పార్టీల సెనేటర్లు కలిసి తెచ్చిన బిల్లును ట్రంప్ అడ్డుకున్నాడు, నిజమే. కానీ జూన్‌లో బైడెన్ తన సంతకంతోనే ఆశ్రయ దరఖాస్తులను కట్టడి చేసేసరికి సరిహద్దు దాటి వచ్చేవారు బాగా తగ్గారు. ఇంత సులువైతే మూడేళ్లు ఎందుకు ఆగారని తలుపు తీసిన ప్రతి రెండో మనిషీ అడిగాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది.

దీని ఫలితం ఎక్కడ కనబడిందో చూడండి. న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో 2020లో ట్రంప్‌కు 16 శాతం వస్తే ఈసారి 27. టెక్సస్ సరిహద్దులోని స్టార్ కౌంటీలో జనం దాదాపు అందరూ మెక్సికన్ మూలాలవారే. 2016లో హిల్లరీ క్లింటన్‌కు అక్కడ 80 శాతం దగ్గర ఓట్లు వచ్చాయి. ఈసారి ట్రంప్ గెలిచాడు. ఆ కౌంటీ అంతకుముందు రిపబ్లికన్‌కు పట్టం కట్టింది 1892లో. వలసదారుల పిల్లలు ఎప్పటికీ మన వెంటే ఉంటారన్న పార్టీ పెద్దల ధీమా అక్కడ కూలిపోయింది. వాళ్లనూ ధరలు, అద్దెలు, వీధిలో భద్రత గురించి ఆలోచించే మామూలు మనుషులుగా చూడకుండా ఒక వర్గంగా లెక్కగట్టడం మా తప్పు.

ఇక హారిస్ ప్రచారం బాగోలేదనే వాదన. ఇక్కడ నేను చాలామందితో విభేదిస్తాను. ప్రచారం గట్టిగా జరిగిన రాష్ట్రాల్లోనే నష్టం తక్కువ. దేశం ఆరు శాతం కదిలితే పెన్సిల్వేనియా మూడు శాతమే కదిలింది. విస్కాన్సిన్‌లో 2020లో బైడెన్‌కు వచ్చినదానికన్నా హారిస్‌కు ఎక్కువ ఓట్లే వచ్చాయి. ఎవరూ ప్రచారం చేయని న్యూజెర్సీలో 16 శాతం ఆధిక్యం ఆరుకు పడిపోయింది. అంటే మేం తట్టిన తలుపులు వృథా కాలేదు. అయితే ఏం చెప్పాలన్న దగ్గర తడబడ్డాం. దానికి సాక్ష్యం మా కౌంటీలోనే ఉంది. అక్టోబరు 16న హారిస్ వాషింగ్టన్ క్రాసింగ్‌కు వచ్చారు. 1776లో జార్జ్ వాషింగ్టన్ సైన్యంతో డెలావేర్ నది దాటిన చోటది. పాత రిపబ్లికన్ నాయకులను వేదిక మీద పెట్టుకుని రాజ్యాంగాన్ని కాపాడుకుందామన్నారు. నేను ఆ గడ్డి మైదానంలో నిలబడి ఆమె మాటలు విని కన్నీళ్లు పెట్టుకున్నాను. నాలుగు రోజుల తర్వాత ట్రంప్ మా కౌంటీలోనే ఫీస్టర్‌విల్‌కు వచ్చి మెక్‌డొనాల్డ్స్‌లో ఏప్రన్ కట్టుకుని బంగాళాదుంప ఫ్రైస్ పొట్లాలు అందించాడు. దుకాణం ఆ పూట జనానికి మూసే ఉంది, అంతా ముందే ఏర్పాటు చేసింది. కానీ మరునాడు నేను వెళ్లిన ఇళ్లలో జనం మాట్లాడుకున్నది ఫ్రైస్ గురించే. 2021 జనవరి 6న ట్రంప్ మద్దతుదారులు పార్లమెంటు భవనం మీద చేసిన దాడిని నేను జీవితంలో మరిచిపోలేను. ప్రజాస్వామ్యం గురించి హారిస్ చెప్పిన ప్రతి మాటా నిజం. అద్దె కట్టడానికి రెండో ఉద్యోగం చేస్తున్నవాడికి ఆ మాట మొదటి మాటగా వినిపించడం సరికాదు.

ట్రాన్స్‌జెండర్ ప్రకటన గురించి కూడా మీరు వినే ఉంటారు. ఖైదీల లింగమార్పిడి చికిత్సకు ప్రభుత్వ ఖర్చును సమర్థిస్తూ 2019లో ఒక ప్రశ్నావళికి హారిస్ ఇచ్చిన జవాబును పట్టుకుని ట్రంప్ బృందం ఒక టీవీ ప్రకటన చేసి ఫుట్‌బాల్ మ్యాచ్‌ల మధ్య పదేపదే వేసింది. ఆమెకు వేరెవరో ముఖ్యం, ట్రంప్‌కు మీరు ముఖ్యం అన్నది దాని సారం. అది అంటుకున్నది ఆ చిన్న సమూహం మీద ద్వేషం వల్ల మాత్రమే కాదు. మా గోడు ఎవరికీ పట్టలేదన్న బాధ అప్పటికే ఉండటం వల్ల. మా వైపు నుంచి దానికి గట్టి జవాబే రాలేదు.

మీ రెండో ప్రశ్నకు వస్తాను. స్త్రీ కావడం, జాతి, ఇవి లెక్కలోకి రాలేదని నేను అనను. ఆడమనిషి సైన్యాన్ని నడపగలదా అని నా మొహం మీదే అడిగినవాళ్లున్నారు, వాళ్లలో ఆడవాళ్లూ ఉన్నారు. కానీ అదే రోజున, హారిస్ ఓడిపోయిన విస్కాన్సిన్‌లో టామీ బాల్డ్‌విన్, మిషిగన్‌లో ఎలిసా స్లాట్‌కిన్, నెవాడాలో జాకీ రోజెన్ సెనేట్‌కు గెలిచారు. ముగ్గురూ స్త్రీలే, ముగ్గురూ డెమొక్రాట్లే. అరిజోనాలో ట్రంప్‌ను గెలిపించిన ఓటర్లే గర్భవిచ్ఛిత్తి హక్కును రాష్ట్ర రాజ్యాంగంలో చేర్చారు. మిస్సోరీ ఇంకా ఆశ్చర్యం. ట్రంప్‌ను భారీ ఆధిక్యంతో గెలిపిస్తూ, అదే బ్యాలెట్‌లో గర్భవిచ్ఛిత్తి హక్కునూ, గంటకు 15 డాలర్ల కనీస వేతనాన్నీ ఆమోదించింది. రెండూ డెమొక్రాట్ల సిద్ధాంతాలే. మా విధానం కావాలి గానీ మేం వద్దన్న ఓటరును ద్వేషి అని కొట్టిపారేస్తే మాకు ఏమీ అర్థం కాదు.

మన భారతీయుల్లో కూడా ఇదే చీలిక కనిపించింది. కార్నెగీ సంస్థ 2024 అక్టోబరులో వెల్లడించిన సర్వేలో భారతీయ అమెరికన్లలో సుమారు 60 శాతం హారిస్ వైపు, 30 శాతానికి పైగా ట్రంప్ వైపు ఉన్నారు. 2020లో బైడెన్ వైపు దాదాపు 70 శాతం ఉండేవారు. కమల తల్లి తమిళనాడు మూలాలు, ట్రంప్ ఉపాధ్యక్ష అభ్యర్థి జేడీ వాన్స్ భార్య ఉషా వాన్స్ తల్లిదండ్రుల ఆంధ్ర మూలాలు మన ఇళ్లలో ఎంత చర్చకు వచ్చినా, యువకుల ఓటు దాన్ని బట్టి పడలేదు. పదేళ్లుగా గ్రీన్‌కార్డు కోసం వరుసలో నిలబడ్డ అన్నను చూసిన తమ్ముడికి, సరిహద్దు దాటి వచ్చినవారికి నెలల్లో పని అనుమతి దొరకడం అన్యాయంగా తోచింది. ఆ పోలిక పూర్తిగా సరైనది కాదు. ఆ కడుపు మంట మాత్రం నిజం.

గాజా యుద్ధంలో బైడెన్ ప్రభుత్వం ఇజ్రాయెల్ పక్షాన నిలవడం వల్ల మిషిగన్ పోయిందని కొందరంటారు. అరబ్బులు ఎక్కువగా ఉండే డియర్‌బర్న్‌లో ట్రంప్‌కు 42 శాతం, హారిస్‌కు 36, గ్రీన్ పార్టీ అభ్యర్థి జిల్ స్టైన్‌కు 18 వచ్చాయి. బంధువులను పోగొట్టుకున్న కుటుంబాల వేదనను పార్టీ మహాసభలో ఒక్క పాలస్తీనా అమెరికన్‌కు కూడా వేదిక మీద చెప్పుకోనివ్వకపోవడం క్రూరం. అయినా 80 వేల తేడాను అదొక్కటే పూడ్చేది కాదు.

చివరగా వయసు. దీన్ని చివర పెట్టింది ఎందుకంటే మిగతా రెండు తప్పులూ దిద్దుకునే వీలు లేకుండా చేసింది ఇదే. 2023 ఏప్రిల్ 25న బైడెన్ మళ్లీ పోటీ చేస్తానన్నప్పుడు ఆయనకు 80 ఏళ్లు. ఆ ఆగస్టులో జరిగిన ఒక సర్వేలో నలుగురిలో ముగ్గురు ఆయనకు వయసు మించిపోయిందన్నారు. డెమొక్రాట్లలోనూ మూడింట రెండు వంతుల మంది అదే మాట అన్నారు. అయినా గట్టి నాయకులెవరూ ఎదురు నిలవలేదు. డీన్ ఫిలిప్స్ అనే ఒక్క కాంగ్రెస్ సభ్యుడు ధైర్యం చేస్తే పార్టీ ఆయనను వెలివేసినట్టు చూసింది. ఫ్లోరిడాలో ప్రైమరీయే, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికే, జరపలేదు. 2024 జూన్ 27న అట్లాంటా చర్చలో బైడెన్ మాట తడబడి ఆగిపోయినప్పుడు దేశమంతా చూసింది. జులై 21న తప్పుకున్నారు. హారిస్‌కు మిగిలింది 107 రోజులు.

నిజమైన పోటీతో ప్రైమరీ జరిగి ఉంటే ఏమయ్యేది? ఆరేడుగురు అభ్యర్థులు ఏడాదిపాటు ఊరూరా తిరిగి, ధరల విషయంలో మా ప్రభుత్వం పొరపాటు చేసింది, సరిహద్దు విషయంలో ఆలస్యం చేసింది అని చెప్పగలిగేవారు. ఉపాధ్యక్షురాలిగా ఉన్న మనిషికి ఆ స్వేచ్ఛ లేదు. అక్టోబరు 8న ఒక టీవీ కార్యక్రమంలో, బైడెన్ కన్నా మీరు భిన్నంగా ఏం చేసి ఉండేవారని అడిగితే తనకేమీ తోచడం లేదని హారిస్ అన్నారు. ఆమె విధేయత నాకు అర్థమైంది. ఆ రాత్రి మాత్రం నాకు నిద్రపట్టలేదు. హారిసే ప్రైమరీలో గెలిచి వచ్చి ఉంటే, ఆ ప్రశ్నకు ఏడాది ముందే జవాబు సిద్ధం చేసుకుని ఉండేవారు. రెండు లక్షల 30 వేల ఓట్లను ఆ ఏడాది తెచ్చి ఉండేదని నా నమ్మకం.

ఎన్నికకు ముందు ఆదివారం, లెవిట్‌టౌన్‌లో ఒక పెద్దావిడ తలుపు తీసింది. విశ్రాంత నర్సు. ఒబామాకు రెండుసార్లు, 2020లో బైడెన్‌కు ఓటు వేసిన మనిషి. ట్రంప్ అంటే ఆమెకు ఏ మాత్రం ఇష్టం లేదు. నేను ఇచ్చిన కరపత్రం చేతిలో పట్టుకుని, ‘‘ఆయన బాగానే ఉన్నాడని మీరే మా ఇంటికొచ్చి చెప్పారు, గుర్తుందా?’’ అంది. గుర్తుంది. మార్చిలో అదే గుమ్మంలో నిలబడి, బైడెన్ చురుగ్గానే ఉన్నారు, మీరేమీ దిగులు పెట్టుకోకండి అని చెప్పింది నేనే. తర్వాత ఆమె ఎవరికి ఓటు వేసిందో, అసలు వేసిందో లేదో అడగడానికి నాకు మొహం చెల్లలేదు.